పెరగడం ఆగని పళ్ళు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. "డైనోసార్లు బతికున్న రోజుల్లో ఎలుకలు కూడా ఉన్నాయా తాతయ్యా?" అని అడిగారు. లేవర్రా. ఎలుకలే కాదు, ఉడుతలూ ముళ్ళపందులూ కూడా లేవు. వీటన్నిటినీ కలిపి రోడెంట్లు అంటారు, అంటే కొరికే జంతువులు. ఇప్పటిదాకా దొరికిన శిలాజాల్లో రోడెంట్ అని గట్టిగా చెప్పగలిగినవి సుమారు 5.6 కోట్ల ఏళ్ళ కిందటి రాళ్ళలో మొదలవుతాయి. డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ళ కిందట. మధ్యలో కోటి ఏళ్ళ ఎడం ఉంది.

మరి ఇంత పాత సంగతి మనకెలా తెలిసిందనేది అసలు కథ. ఎలుక ఎముకలు అగ్గిపుల్లల కన్నా సన్నం. గుడ్లగూబ మింగినా, వాన నీటికి కొట్టుకుపోయినా నుగ్గవుతాయి. మిగిలేవి పళ్ళు. పంటి పైనుండే ఎనామిల్ అంత గట్టి పదార్థం ఒంట్లో మరొకటి లేదు. అందుకే చాలా రోడెంట్ల గురించి మనకు తెలిసినదంతా విడి పళ్ళు చెప్పినదే. వాటిని వెతికేవాళ్ళు మట్టిని బస్తాలకెత్తి, ఆరబెట్టి, నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెళ్ళలో కడుగుతారు. అడుగున మిగిలిన ఇసుకను చిటికెడు చిటికెడుగా మైక్రోస్కోపు కింద పరుస్తారు. అందులో ఎక్కడో ఆవగింజంత దవడ పన్ను మెరుస్తుంది. దాన్ని తడి కుంచె కొనతో ఎత్తుతారు. బస్తాలకు బస్తాలు కడిగితే గుప్పెడు పళ్ళు దొరకవచ్చు. ఆ ఓపిక చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇప్పుడు ముందు పళ్ళ సంగతి చూద్దాం. రోడెంటుకు పైన రెండు, కింద రెండు కొరికే పళ్ళుంటాయి. కోరపళ్ళు ఉండవు, ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఈ నాలుగు పళ్ళూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఎలుకకైతే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. కొరకకపోతే అవి పెరిగి, వంకర తిరిగి నోటికే అడ్డం పడతాయి. మందమైన ఎనామిల్ పంటికి ముందువైపే ఉంటుంది, వెనకంతా దానికన్నా మెత్తనిది. కొరికినప్పుడల్లా వెనకభాగం తొందరగా అరిగిపోయి, ముందు అంచు ఉలిలా నిలబడుతుంది. సాన పట్టేవాడి అవసరం లేని ఉలి అది! పంటి మొదలు విల్లులా వంగి దవడలో చాలా లోతుకు వెళుతుంది. అందువల్ల పన్ను ఊడిపోయి ఉత్త దవడ ముక్క దొరికినా, ఆ వంపు తిరిగిన గాడిని చూసి ఇది రోడెంటుదే అనుకోవచ్చు.

కుందేలుకూ ఇలాంటి పళ్ళే కదా అంటారేమో. కుందేలు పై పెదవి ఎత్తి చూస్తే పెద్ద పళ్ళ వెనక ఇంకో చిన్న జత దాగి ఉంటుంది. రోడెంట్లకు ఆ రెండో జత లేదు. అయినా ఈ రెండు వంశాలూ దగ్గరి చుట్టాలే. చైనా, మంగోలియా నేలల్లో దొరికిన ట్రైబోస్ఫెనోమిస్ అనే చిన్న జంతువును చూడండి. ముందు పళ్ళు అచ్చం రోడెంటువి, దవడ పళ్ళు మాత్రం ఇంకా పాతకాలం స్తన్యజీవులవి. మార్పు ముందుగా మూతి దగ్గర మొదలైందన్నమాట. దాదాపు ఆ కాలానికే ఉత్తర అమెరికాలో పారామిస్ అనే జంతువు, ఉడుతను తలపించే ఒడ్డూ పొడుగుతో కనిపిస్తుంది.

డైనోసార్ల కాలంలో ఎలుకను పోలిన జంతువులు మాత్రం ఉండేవి. వాటి పేరు మల్టీట్యూబర్క్యులేట్లు. వాటికీ ముందుకు పొడుచుకొచ్చిన పళ్ళుండేవి. చూడగానే ఎలుకే అనుకుంటారు, కానీ ఎలుక పూర్వీకులు కావు. పది కోట్ల ఏళ్ళకు పైగా బతికి, డైనోసార్లు పోయాక కూడా నిలిచి, రోడెంట్లు పెరుగుతున్న కాలంలో తగ్గుతూ వచ్చి చివరికి కనుమరుగయ్యాయి. ఒకే తిండి కోసం జరిగిన పోటీలో ఓడిపోయాయని చాలామంది అనుకుంటారు.

దవడ పళ్ళు ఎలా మారాయో ఒకే చోట చూడాలంటే పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమికి వెళ్ళాలి. అక్కడ మట్టి పొరలు పుస్తకంలో పేజీల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. సుమారు 1.4 కోట్ల ఏళ్ళ నాటి పొరలో యాంటిమస్ అనే ఎలుక పళ్ళున్నాయి. పై దవడ పంటికి లోపలి అంచున కొత్త బొడిపెలు అప్పుడే మొలుస్తున్నాయి. పైకి వెళ్ళి 1.2 కోట్ల ఏళ్ళ నాటి పొర చూస్తే ప్రోగోనోమిస్ ఉంటుంది. ఆ బొడిపెలు పక్కవాటితో కలిసి పంటికి అడ్డంగా వరుసలు కట్టేశాయి. ఇవాళ్టి చిట్టెలుక పంటిమీదా ఇలాంటి వరుసలే!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దెయ్యం మర కథ. అమెరికాలోని నెబ్రాస్కాలో భూమిలోకి మనిషి కన్నా లోతుగా, మరమేకులా మెలికలు తిరుగుతూ దిగిన రాతి స్తంభాలు కనబడేవి. 1891లో ఎర్విన్ బార్బర్ అనే శాస్త్రవేత్త వాటిని పరిశీలించి, దెయ్యం మర అనే అర్థం వచ్చేలా డీమోనెలిక్స్ అని పేరు పెట్టాడు. ముందు ఇవి పెద్ద పెద్ద స్పంజికలన్నాడు, అంటే నీళ్ళలో ఒకేచోట అతుక్కుని బతికే జంతువులు. తర్వాత, రాతిలో మొక్కల కణాలు కనిపించడంతో, ఏవో వింత మొక్కలన్నాడు. కొన్నిటి అడుగున ఒక రోడెంటు అస్థిపంజరం ఉంది. థియోడర్ ఫుక్స్ అనే ఇంకో శాస్త్రవేత్త 1893లోనే ఇవి బొరియలు అన్నాడు, కానీ వాదన తెగలేదు. 1970లలో లారీ మార్టిన్, డెబ్ బెన్నెట్ ఆ గోడల మీది గీతలను దగ్గరగా చూశారు. వెడల్పుగా, చదునుగా, జంటగా ఉన్నాయి. ఆ అస్థిపంజరం పేలియోకాస్టర్ అనే రోడెంటుది, నేలలో బొరియలు తవ్వే ఒక రకం బీవర్. దాని ముందు పళ్ళను ఆ గీతల్లో పెట్టి చూస్తే సరిగ్గా అమిరాయి. ఆ చిన్న జంతువు పళ్ళతో మట్టిని గీరుతూ, గుండ్రంగా తిరుగుతూ దిగింది. మొక్కల కణాలా? తేమ కోసం బొరియ గోడల్లోకి పాకిన వేర్లు అవి. బార్బర్ చూసినదీ నిజమే, ఫుక్స్ చెప్పినదీ నిజమే. దాదాపు రెండు కోట్ల ఏళ్ళ కిందటి పంటి గాట్లు ఎనభై ఏళ్ళ వాదనను తేల్చేశాయి.

రోడెంట్లంటే చిన్నవే అనుకోకండి. దక్షిణ అమెరికా అప్పట్లో చుట్టూ సముద్రమున్న ఖండం. పెరూలో దొరికిన సుమారు 4.1 కోట్ల ఏళ్ళ నాటి పళ్ళు ఆఫ్రికా రోడెంట్ల పళ్ళను పోలి ఉన్నాయి. అంటే వరదకు కొట్టుకొచ్చిన చెట్ల తెప్పల మీద అట్లాంటిక్ దాటి ఉండాలి. అలా చేరినవాటి సంతతే గినీ పంది, కాపిబారా. ఉరుగ్వేలో దొరికిన జోసెఫోఆర్టిగాసియా కూడా ఆ కుటుంబానిదే. 2008లో వివరించిన ఆ పుర్రె పొడవు 53 సెంటీమీటర్లు. మొదట దాని బరువు టన్ను ఉంటుందని లెక్క వేశారు. తర్వాత వేరే పద్ధతిలో కొలిస్తే అందులో సగం దగ్గరికి వచ్చింది. సగమైనా ఎద్దంత జంతువే కదా!

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. లావోస్ సంతలో మాంసానికి అమ్ముతున్న ఒక జంతువును శాస్త్రవేత్తలు 2005లో కొత్త జాతిగా ప్రకటించారు. మెత్తని బొచ్చు, కుచ్చు తోక, స్థానికులు ఖా న్యూ అంటారు. మేరీ డాసన్, ఆమె తోటివారు దాని దవడనూ పళ్ళనూ పాత శిలాజాల పక్కన పెట్టి చూసి 2006లో అసలు సంగతి చెప్పారు. అది డయాటోమిడే కుటుంబానిది. ఆ కుటుంబం 1.1 కోట్ల ఏళ్ళ కిందటే అంతరించిందని అంతా అనుకున్నారు. శిలాజంగా తప్ప ఎవరూ ఎరగని వంశం, సున్నపురాతి గుట్టల సందుల్లో హాయిగా కాపురముంటోంది. అదే ఏడాది దాన్ని ప్రాణంతో పట్టి వీడియో తీశారు. మీకు చూడడం కుదిరితే నడక గమనించండి. తొందరేమీ లేనట్టు, బాతులా అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది.

ప్రేమతో,
మీ తాతయ్య