ప్యానెల్లో పేరుంటే సరిపోతుందా? మధ్యవర్తుల అర్హత, ఫీజు: అపోహలు, వాస్తవాలు

తెలుగులో చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. మీడియేటర్‌నీ మధ్యవర్తి అంటాం, ఆర్బిట్రేటర్‌నీ మధ్యవర్తే అంటాం. ఇద్దరి పనీ ఒకటి కాదు. మీడియేటర్ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు, రాజీకి తోడ్పడతాడు, తీర్పు మాత్రం చెప్పడు. ఆర్బిట్రేటర్ సాక్ష్యాలు విని అవార్డు, అంటే తీర్పులాంటి నిర్ణయం, ఇస్తాడు. అది సివిల్ కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. వీళ్లను ఎంచుకోవడానికి కోర్టులూ సంస్థలూ పెట్టుకునే పేర్ల జాబితాలే ప్యానెళ్లు. నేను రెండు రకాల ప్యానెళ్లలోనూ ఉన్నాను. మన దేశంలో ఈ పని గురించి నా చెవిన పడే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: ఆర్బిట్రేటర్ కావాలంటే పదేళ్ల ప్రాక్టీసున్న లాయరో, రిటైర్డ్ జడ్జో అయ్యుండాలి.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టానికి 2019 సవరణలో ఎనిమిదో షెడ్యూలు (చట్టం చివర ఉండే అనుబంధం) చేర్చి, పదేళ్ల అనుభవం లాంటి షరతులు రాశారు. 2021 సవరణతో ఆ షెడ్యూలు పోయింది. పాత నోట్సు చదివినవాళ్లు ఇప్పటికీ దాన్నే అప్పజెబుతున్నారు. ఇప్పుడు చట్టం ఫలానా డిగ్రీ ఉండాలని పట్టుబట్టదు. కాంట్రాక్టులో ఇరుపక్షాలూ ఏమైనా అర్హత రాసుకుంటే అది చూడాలి. ప్యానెల్ నడిపే సంస్థలకూ వాటి నిబంధనలు వాటికుంటాయి. బిల్లు తగాదాలో ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) తిరగేసి ఏ కొలత ఎక్కడ మారిందో పట్టుకునే రిటైర్డ్ ఇంజనీరును ఆర్బిట్రేటర్‌గా పెట్టుకోవడం చాలా సందర్భాల్లో తెలివైన పనని నా అభిప్రాయం.

అపోహ: మీడియేషన్‌కు పెద్దమనిషి తరహా చాలు, శిక్షణ దేనికి?

కోర్టు మీడియేషన్ ప్యానెళ్లకు 40 గంటల శిక్షణ ఉంటుంది. ఆ 40 గంటల్లో మాలాంటి లాయర్లకు అన్నిటికన్నా కష్టమైంది, సలహా నాలుక చివరిదాకా వచ్చినా మింగేసి ఎదుటివాళ్లను పూర్తిగా చెప్పనివ్వడం.

అపోహ: ప్యానెల్లో పేరెక్కితే ఏ కేసైనా చేపట్టవచ్చు.

ప్యానెల్ అంటే పేర్ల జాబితా, అంతే. నియామకం ఒప్పుకునే ముందు పార్టీలతో, వాళ్ల లాయర్లతో, వివాదంతో మనకున్న సంబంధాలన్నీ రాతపూర్వకంగా బయటపెట్టాలి. ఆర్బిట్రేటర్లకు అందుకు ఆర్బిట్రేషన్ చట్టం ఆరో షెడ్యూలులో నమూనా ఉంది. ఒకసారి ఆ కాగితం నింపుతూ పాత ఫైళ్లు వెతికితే, రెండేళ్ల కిందట ఆ వివాదంలోని ఒక కంపెనీ తరఫున నేను వకాలత్ వేసినట్టు తేలింది. గడిచిన మూడేళ్లలో ఒక పార్టీకి లాయరుగా పనిచేసి ఉండటం చట్టం అనుమానించదగ్గదిగా చెప్పిన సంబంధాల్లో ఒకటి. ఆ కేసు వదిలేశాను. ఇంకో సంగతి. ప్రభుత్వ రంగ సంస్థలు సొంత ప్యానెల్ పెట్టుకోవచ్చు గానీ, అందులోంచే ఆర్బిట్రేటర్‌ను ఎంచుకోమని అవతలి పక్షాన్ని బలవంతపెట్టకూడదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. చిన్న కాంట్రాక్టర్లు ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నది ఇదే.

అపోహ: ఆర్బిట్రేటర్ తన ఫీజు తానే రాసుకుంటాడు.

మొదటి సిట్టింగులో ఒక కాంట్రాక్టరు నన్ను సూటిగా అడిగారు: "సార్, మీ ఫీజు మీరే వేసుకుంటారా?" ఆయన అడిగినందుకు సంతోషించాను. ఓ.ఎన్.జి.సి., అఫ్కాన్స్ కేసులో 2022 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ఆర్బిట్రేటర్ ఏకపక్షంగా తన ఫీజు ఖరారు చేసుకోకూడదు, పార్టీలు ఒప్పుకోవాలి. కొలమానంగా అదే చట్టంలో ఫీజుల పట్టిక, నాలుగో షెడ్యూలు, ఉంది. ఆ రోజు తెల్లకాగితం తీసుకుని ఆయన ముందే లెక్క వేశాను. క్లెయిమ్ 50 లక్షలు. 20 లక్షల దాకా 97,500 రూపాయలు, మిగతా 30 లక్షల మీద 3 శాతం చొప్పున 90,000. మొత్తం 1,87,500. ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే పావు వంతు అదనం, అంటే 2,34,375. ముగ్గురైతే ఒక్కొక్కరికీ 1,87,500 చొప్పున 5,62,500. మామూలుగా ఇరుపక్షాలూ చెరి సగం డిపాజిట్ చేస్తాయి. ఎదుటివాళ్లు కౌంటర్ క్లెయిమ్ (తమకే బాకీ ఉందంటూ తిరిగి వేసే క్లెయిమ్) వేస్తే దాని ఫీజు వేరేగా లెక్కిస్తారు. చాలామంది ఈ ఖర్చును మరిచిపోయి తర్వాత కంగారుపడతారు. ఎంత పెద్ద క్లెయిమ్ అయినా ఈ షెడ్యూలులో ఒక్కో ఆర్బిట్రేటర్‌కు పరిమితి 30 లక్షలు; ఒక్కరే అయితే ఆ పావు వంతు అదనం దీని పైన. సంస్థ నిబంధనల ప్రకారం ఫీజు ఒప్పుకున్న కేసులకూ, అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్‌కూ ఈ లెక్క వర్తించదు.

అపోహ: వాయిదాలు సాగితే ఆర్బిట్రేటర్‌కే లాభం.

సిట్టింగుకు ఇంత అని మాట్లాడుకున్న చోట ఈ భయం న్యాయమైనదే. అందుకే నేను మొత్తానికి ఒకే ఫీజు అడుగుతాను. దేశీయ కేసుల్లో ప్లీడింగ్స్ (ఇరుపక్షాలూ రాతలో ఇచ్చే వాదనలు) పూర్తయిన 12 నెలల్లో అవార్డు రావాలి. జాప్యం ఆర్బిట్రేటర్ వల్లే జరిగిందని తేలితే, గడువు పెంచేటప్పుడు కోర్టు నెలకు 5 శాతం దాకా ఫీజు కోయవచ్చు.

అపోహ: రాజీ కుదిరితే మీడియేటర్‌కు అందులో వాటా ఇవ్వాలి.

ఇది విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. రాజీ మొత్తంలో వాటా తీసుకునే మనిషి ఆ గదిలో మూడో పార్టీ అయిపోతాడు. రాజీ కుదిరినా కుదరకపోయినా ఫీజు ఒకటే ఉండాలి, అది ముందే కాగితం మీద ఉండాలి. కోర్టు పంపిన కేసుల్లోనైతే మీడియేటర్‌కు పార్టీలు ఇవ్వాల్సింది ఏమీ లేదు, గౌరవ వేతనం కోర్టు వ్యవస్థే చెల్లిస్తుంది. వాణిజ్య వివాదాల్లో దావాకు ముందు జరిగే మీడియేషన్‌కు 2018 నిబంధనల ప్రకారం ఒకేసారి కట్టే ఫీజు ఉంది: 10 నుంచి 50 లక్షల మధ్య వివాదానికి 30,000, అంటే చెరి 15,000. అదీ న్యాయసేవాధికార సంస్థకే కట్టాలి, మీడియేటర్ చేతికి కాదు.