డిప్రెషన్‌కు కొత్త మందు ఎందుకింత ఆలస్యం?

గుంటూరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మందు మొదలుపెట్టి వారం దాటినా మీ ఫ్రెండ్‌కి గుణం కనిపించలేదని, సైన్సు ఇంత పెరిగాక కూడా మంచి మందు ఎందుకు రాలేదని ఫోన్‌లో అడిగారు. కొత్తపేటలో మందుల షాపు నడిపిన రోజుల నుంచీ నన్ను వేధిస్తున్న ప్రశ్నే అది.

అసలు మొదటి మందులు వెతికితే దొరికినవి కావు. 1950ల మొదట్లో అమెరికాలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే వాళ్లలో హుషారు పెరిగింది. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకు పనికొస్తుందేమోనని వాడి చూసిన ఇమిప్రమిన్ అనే మందు, డిప్రెషన్‌కు పనిచేస్తోందని స్విట్జర్లాండ్ డాక్టర్ రోలాండ్ కూన్ 1957లో ప్రకటించారు. తర్వాత వచ్చినవి చాలావరకు ఆ బాటలోనివే. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద ప్రభావం మొదలవుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఈలోగా మెదడులో ఏం మారుతోందో ఇంకా పూర్తిగా తేలలేదు.

అసలు చిక్కు పరీక్షల దగ్గరే. ఎలుకకు మందిచ్చి, నీళ్లున్న గాజు పాత్రలో వేసి ఎంతసేపు ఈదుతుందో చూస్తారు; ఎక్కువసేపు ఈదితే మందు పనిచేసినట్టు లెక్క. ఈత ఆపేసిన ఎలుక నిరాశపడిందా, ఓపిక దాచుకుంటోందా? ఎవరు చెప్పగలరు!

మనుషుల దగ్గరికొస్తే, షుగర్‌కి ఉన్నట్టు దీనికి రక్తపరీక్ష లేదు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, పని మీద మనసు నిలుస్తోందా అని అడిగి మార్కులు వేస్తారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా నూటికి ముప్పై, నలభై మంది కుదుటపడతారు. వాళ్లది నాటకం కాదు. ఒకరు కూర్చోబెట్టి శ్రద్ధగా అడుగుతున్నారు, బాగుపడతామన్న ఆశ కలుగుతుంది, కొందరికి కాలంతో పాటు జబ్బే తగ్గుతుంది. దీన్ని దాటి మందు తన సత్తా చూపాలి. ఎన్నో మందులు ఇక్కడే ఆగిపోయాయి.

మత్తుమందు కెటమిన్ గంటల్లోనే ఉపశమనం ఇస్తుందని తెలిశాక నాకు పెద్ద ఆశ కలిగింది. దాని రూపమైన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకు 2019లో అమెరికా అనుమతిచ్చింది. అయితే అది తీసుకున్నాక రెండు గంటలు ఆస్పత్రిలోనే కనిపెట్టుకుని ఉండాలి, బీపీ పెరగొచ్చు, అలవాటు పడే ప్రమాదమూ ఉంది. పైగా ఒళ్లు తేలిపోతున్నట్టు అనిపించగానే తనకు అసలు మందే ఇచ్చారని రోగికి తెలిసిపోతుంది. ఇక పోలిక సరిగ్గా ఎలా కుదురుతుంది?

మీ ఫ్రెండ్‌ని సొంతంగా మందు ఆపేయొద్దనండి, ఉన్నట్టుండి ఆపితే వేరే ఇబ్బందులొస్తాయి. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. అలాంటి మాట వినబడితే తనను ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకూ డాక్టరుకూ వెంటనే చెప్పండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నెంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇట్లు,
మీ తాతయ్య