ఆత్మహత్యల లెక్క పోలీస్ స్టేషన్‌లో మొదలైతే

చాన్నాళ్ల కింద చిత్తూరు పక్కన మా ఊర్లో ఒక పిల్లోడు ప్రాణం తీసుకోబోతే రాత్రికి రాత్రే ఆస్పత్రికి తీసుకుపోయినాం, బతికినాడు. కానీ వాళ్ల నాయన ఓపీ చీటీ రాసే టేబుల్ కాడ నిలబడి "కడుపునొప్పని రాయండి సార్, కేసంటే మా బతుకు పోతాది" అని చేతులు జోడించినాడు. ఇప్పటికీ మర్చిపోలేను.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. బ్రిటిషోళ్లు తెచ్చిన ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 309 సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం, ఏడాది దాకా జైలు. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లదనింది, 1996లో చెల్లుతుందనింది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ వచ్చినాకే ఇట్లాంటోళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు లెక్కగట్టాల, శిక్షించకూడదు, వైద్యం చూపించే బాధ్యత ప్రభుత్వానిదే అని మారింది, 2024 జులై 1న ఐపీసీ బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) అమలుకొచ్చేసరికి 309 పోయింది.

వేరే దేశాలు ముందే కదిలినాయి. ఫిన్లాండ్ 1987 నుంచి ఏడాది పాటు జరిగిన ప్రతి ఆత్మహత్య గురించి ఇంటోళ్లతో మాట్లాడి కారణాలు తెలుసుకుని ఆ తర్వాతే ప్లాన్ వేసింది. శ్రీలంకైతే బాగా ప్రమాదమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటా పోయి, 1995 నాటి ఆత్మహత్యల రేటును 20 ఏళ్లలో దాదాపు 70 శాతం తగ్గించింది. మామిడి, టమోటా పండించే మన జిల్లాలకి ఇంతకంటే పనికొచ్చే పాఠం ఏముంది?

ఆత్మహత్యల్ని ఆపేందుకు మన జాతీయ వ్యూహం 2022 నవంబర్‌లో వచ్చింది. 2020తో పోలిస్తే 2030కి ఆత్మహత్య మరణాలు 10 శాతం తగ్గాలనేది టార్గెట్. 2020లో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్క 1,53,052, 2022కే అది 1,70,924. కానీ ఆ లెక్క పోలీసుల కాడికి వచ్చిన కేసులదే, పంచనామా అంటే భయం, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని భయం, దాంతో చావు కూడా వేరే కారణం కింద పోతాది. 2016కి ఎన్‌సీఆర్‌బీ 1,31,008 అంటే, లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా 2,30,314. అంటే జనం దాచడం మానేస్తే, మంచి పని జరుగుతున్నా అంకె పెరుగుతాది, అప్పుడు వ్యూహం ఫెయిలైందని కొట్టిపారేస్తారేమోనని నా భయం. ఆస్పత్రుల నుంచి, ఊర్ల నుంచి విడిగా లెక్క రావాల, అది లేకుండా 10 శాతం తగ్గిందో లేదో ఎట్లా తేలుస్తారు?

ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మొన్న మా ఊర్లో ఒకాయనకి ఈ నంబర్ రాసిస్తే చీటీ మడిచి జేబులో పెట్టుకుని మెల్లగా అడిగినాడు, "ఫోన్ చేస్తే పోలీసులకి తెలుస్తాదా నాయనా?" అని.