బొమ్మల కథని మనుషులతో తీస్తే: ఒక డబ్బింగ్ రైటర్ చూసిన అపోహలు, వాస్తవాలు

మాది కావలి. పదహారేళ్లుగా చెన్నైలో కార్టూన్లకీ ఇంగ్లీషు సినిమాలకీ తెలుగు డైలాగులు రాస్తున్నాను. వారంలో నాలుగు రోజులు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో గూడూరు దాటేలోపు పూర్తి చేసిన సీన్లు ఎన్నో ఉన్నాయి. నేను చేసే పని తెలిసిన కుర్రాళ్లు ట్రంకు రోడ్డులో కనపడితే చాలు, ఒకటే అడుగుతారు: "అన్నా, డ్రాగన్ బాల్‌ని సినిమాగా తీసి ఎందుకట్టా పాడు చేశారు?"

వాళ్లు అడిగేది 2009లో వచ్చిన 'డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్' గురించి. జపాన్ బొమ్మల కథ డ్రాగన్ బాల్‌ని మనుషులతో తీసిన హాలీవుడ్ సినిమా అది. కార్టూన్ నెట్‌వర్క్‌లో ఆ కథ హీరో గోకూ కోసం స్కూలు నుంచి పరిగెత్తుకొచ్చిన తరం వీళ్లంతా. నాకూ ఆ సినిమా గుండెలో ముల్లులా మిగిలిపోయింది. కాకపోతే అది ఎందుకు పోయిందో చెప్పేటప్పుడు జనం అనే మాటల్లో సగం సరైనవి కావు. నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తాను.

అపోహ: గోకూ జుట్టు, బట్టలు అచ్చం బొమ్మలో ఉన్నట్టే పెట్టి ఉంటే సినిమా ఆడేది.

వాస్తవం: ఆ జుట్టు అసలు ఏ తలకీ అతకదు. గోకూని ముందు నుంచి, పక్క నుంచి గీసిన బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, జుట్టు మొనలు ఒకదానికొకటి కుదరవు. చేత్తో గీసేవాడు ఏ వైపు నుంచి ఏది బాగుంటుందో అదే గీస్తాడు. గోకూ బలం పెరిగి 'సూపర్ సయాన్' అనే రూపంలోకి మారినప్పుడు జుట్టు బంగారు రంగులోకి మారడం వెనక కూడా గీసేవాళ్ల అవసరమే ఉంది. పుస్తకంలో ఈ కథ నలుపు తెలుపుల్లో వచ్చేది. ప్రతి బొమ్మలోనూ జుట్టుకి నల్ల సిరా నింపడానికి చాలా టైం పట్టేది కాబట్టి, ఆ పని తప్పించడానికి జుట్టుని తెల్లగా వదిలేశామని రచయిత అకిరా తొరియామా చెప్పారు. తెరమీద రంగుల్లోకి వచ్చేసరికి ఆ తెలుపే బంగారమైంది.

మన వైపు తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. జుట్టుపోలిగాడి జుట్టు చూసి ఎవరైనా "మనిషికి అట్టా ఉంటుందా?" అని అడిగారా? తెర వెనక దీపం, తోలు మీద రంగు, కాలి కింద చెక్క చప్పుడు, వీటన్నిటితో కలిపే ఆ జుట్టుకి ప్రాణం. దాన్ని తీసుకొచ్చి మనిషి నెత్తిన పెడితే విగ్గే అవుతుంది. 2012లో జపాన్ వాళ్లు తమ ఇంకో బొమ్మల కథ 'రురౌని కెన్షిన్'ని మనుషులతో తీసినప్పుడు హీరోకి ఎర్ర జుట్టు, చెంప మీద కత్తి గాటు అలాగే ఉంచారు. దానికి తోడు కత్తి పట్టిన మనిషి ఎలా నడుస్తాడు, ఎలా ఆగుతాడు అన్నదాని మీద అంత శ్రద్ధా పెట్టారు. ఆ వరసలో మొత్తం 5 సినిమాలు వచ్చాయి.

అపోహ: బడ్జెట్ చాలక పోయింది.

జపాన్ బొమ్మల కథ నుంచే 2017లో వచ్చిన 'ఘోస్ట్ ఇన్ ది షెల్' హాలీవుడ్ సినిమాకి సుమారు 11 కోట్ల డాలర్లు పెట్టారు. అదీ నిలబడలేదు. ఇంతకన్నా దీని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: కథ మార్చారు, అందుకే ఫ్లాప్.

వాస్తవం: డ్రాగన్ బాల్ కథే ఒక మార్పులోంచి పుట్టింది. చైనా వాళ్ల పాత కథలో సున్ వుకాంగ్ అనే కోతిరాజు ఉన్నాడు. ఆ పేరునే జపాన్ వాళ్లు సోన్ గోకూ అని చదువుతారు. ఆ కోతికి ఇంకో రూపమే మన తోక ఉన్న కుర్రాడు. 2006లో జపాన్‌లో 'డెత్ నోట్' అనే బొమ్మల కథని రెండు సినిమాలుగా తీసినప్పుడు ముగింపే మార్చేశారు, అయినా అభిమానులు మెచ్చుకున్నారు. కాబట్టి మార్చడంలో తప్పేమీ లేదు. ఏది మార్చకూడదో తెలియకపోవడమే తప్పు.

ఈ ముక్క నాకు మా అక్క కొడుకు వల్ల బాగా అర్థమైంది. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. ఇంట్లో 'ఎవల్యూషన్' పెట్టుకుని చూస్తున్నాం. పది నిమిషాలు కాకముందే నా వైపు తిరిగి, "మామా, గోకూ ఇస్కూలుకి ఎందుకు పోతుండాడు? వాడు కొండల్లో గదా ఉండేది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అసలు కథలో గోకూ మొదటి రోజు ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోండి. బుల్మా అనే అమ్మాయి వాణ్ని కారుతో గుద్దేస్తుంది. వాడు కారంటే ఏమిటో ఎరగడు. ఏదో రాక్షసి తన మీదకి వచ్చిందనుకుని దాన్ని ఎత్తి పారేస్తాడు. ఆడపిల్లని చూడటం కూడా అదే మొదలు. వాడికి లోకం తెలియదు, అందుకే సిగ్గూ తెలియదు, తనకి ఏదో తక్కువైందన్న బాధా తెలియదు. సినిమాలో గోకూకి పద్దెనిమిదో పుట్టినరోజు, హైస్కూలు, ఏడిపించే తోటి పిల్లలు, ఒక అమ్మాయి ముందు తడబాటు. ఇవన్నీ ఉన్న కుర్రాడు మంచివాడే అయ్యుండొచ్చు, గోకూ మాత్రం కాదు.

నేను ఏ పాత్రకి రాయడం మొదలుపెట్టినా నోటుబుక్కులో ముందు ఒక పేజీ కేటాయిస్తాను. ఆ పాత్రకి తెలియని మాటలన్నీ అందులో రాసుకుంటాను. గోకూ లాంటి వాడైతే 'పరువు' అనే మాట వాడి నోట రాకూడదు, 'నలుగురూ ఏమనుకుంటారు' అనేది అసలే రాకూడదు. ఈ పేజీ తప్పితే ఎంత మంచి డైలాగు రాసినా అది వేరేవాడి డైలాగే. ఆ సినిమాకి స్క్రిప్టు రాసిన బెన్ రామ్సే 2016లో అభిమానులకి క్షమాపణ చెప్పారు. ఆ పనిని అభిమానిగా చేయలేదని, పెద్ద మొత్తం వస్తుందని ఒప్పుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. అది చదివాక నాకు ఆయన మీద కోపం తగ్గింది. ఆ పేజీ ఎందుకు ఖాళీగా ఉందో తెలిసింది.

అపోహ: హాలీవుడ్ వాళ్లకి చేతకాదు, జపాన్ వాళ్లే తీయాలి.

2015లో 'అటాక్ ఆన్ టైటాన్' అనే తమ బొమ్మల కథని జపాన్ వాళ్లే తీశారు, అభిమానులు నిరాశపడ్డారు. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'వన్ పీస్' సిరీస్ ఇంగ్లీషులో తీసింది, అయినా జనం నెత్తిన పెట్టుకున్నారు. దాని నిర్మాణంలో మూలకథ రాసిన ఎయిచిరో ఓడా కూడా ఉన్నారు.

అపోహ: కార్టూన్‌కి డబ్బింగ్ సులువు, అదే గొంతు తెచ్చి సినిమాకి పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. టీవీ యానిమేలో, అంటే జపాన్ కార్టూన్లలో, నోటికి మామూలుగా మూడే ఆకారాలు గీస్తారు: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. జపాన్‌లో కూడా ఎక్కువగా బొమ్మ తయారయ్యాకే గొంతు ఇస్తారు. అందువల్ల ప, బ, మ లాంటి పెదవులు కలిసే అక్షరాలు ఎక్కడ పడ్డా బొమ్మ ఒప్పుకుంటుంది. లిప్ పడిందా లేదా, అంటే మాట పెదవుల కదలికకి సరిపోయిందా లేదా అన్న టెన్షన్ తక్కువ. భారమంతా గొంతు మీదే ఉంటుంది. అరుపులు, మూలుగులు, దెబ్బ తగిలినప్పటి ఊపిరి అన్నీ గొంతే ఇవ్వాలి. అరిచే సీన్లని రోజు చివరికి పెట్టుకుంటాం, ముందే అరిస్తే మిగతా డైలాగులకి గొంతు ఉండదు. జపాన్‌లో గోకూకి 1986 నుంచీ గొంతు ఇస్తున్నది మసాకో నొజావా అనే ఆవిడ. చిన్న గోకూ, పెద్ద గోకూ, కొడుకులు గోహాన్, గోటెన్ అందరూ ఆవిడ గొంతే. వినేవాళ్లు ఒక్కసారి కూడా తికమకపడరు. మన నెల్లూరు బాలు గారు 2008లో 'దశావతారం' తెలుగులో కమల్ హాసన్ పాత్రల్లో ఏడింటికి గొంతు ఇచ్చారు. ఏ పాత్ర ఎవరో తెలిసిన మనిషి గొంతుకే అది సాధ్యం.

మనిషి ముఖం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. క్లోజప్‌లో పెదవి కలిస్తే కలిసినట్టే కనపడుతుంది. నెల్లూరులో నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలకి అభ్యాసంగా 'ఎవల్యూషన్'లోంచే, గోకూ తాత గోహాన్ (గోకూ కొడుక్కి ఉన్నది ఈయన పేరే) చనిపోయే సీన్ ఇచ్చాను. ఇంగ్లీషులో 'గ్రాండ్‌పా' అని పిలిస్తే 'పా' దగ్గర పెదవులు కలుస్తాయి. మన 'తాతా'లో ఒక్కచోటా కలవవు. పిల్లలు 'పెద్దాయనా' అని రాశారు, 'బాబాయ్' అని రాశారు. తాతని బాబాయ్ అని ఎవరు పిలుస్తారు? లిప్ కోసం బంధుత్వం మార్చేస్తే ఇక ఆ ఏడుపుకి అర్థం ఉండదు. నేను కూడా 'తాతా, మరి' అని చివర్లో ఒక 'మ' తగిలించి చూశాను. అతుకు వేసినట్టే ఉంది.

చివరికి కోవూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి మైకు ముందుకొచ్చి ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పింది. మొదటి 'తా' అని, ఏడుపు గొంతులో అడ్డం పడినట్టు పెదవులు బిగించి మింగి, తర్వాత రెండో 'తా' వదిలింది. తెర మీద పెదవులు కలిసిన చోట ఆ మింగడం వచ్చి కూర్చుంది. సౌండ్ చూసే కుర్రాడు వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. ఆ సినిమాలో గోకూ నాకు మొదటిసారి కొండల్లో తాతతో ఒంటరిగా పెరిగిన పిల్లాడిలా వినిపించాడు. ఇంకో టేక్ అడగలేదు.