సెప్టెంబరు 30కీ మార్చి 31కీ మధ్య

కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, గాదె నిండే కాలం. కర్నూలు జిల్లా పడమటి వైపున ఆదోని, కోసిగి, మంత్రాలయం, హొళగుంద ప్రాంతాల్లో ఆ మాట అర్థం తలకిందులైంది. ఇక్కడ సుగ్గికి వెళ్లారంటే ఇంటికి తాళం వేసి, బియ్యం మూట, వంటపాత్రలు సర్దుకుని, పిల్లలతో సహా బండి ఎక్కారని అర్థం. కోసేది పంటే గాని అది తమ పొలంలోది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి కాబట్టి ఆ మాట ఇటు రావడంలో వింత లేదు. పండగలాంటి మాటకు ఇలాంటి అర్థం పట్టడమే మనసును కలచివేస్తుంది.

సీమలో వలస ఒక్క తీరుగా ఉండదు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్తారు. కదిరి వైపు నుంచి బెంగళూరుకు వెళ్లే కుటుంబాలు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోవడమూ ఉంది. కర్నూలు పడమటి మండలాల వలస వేరు. అది ఋతువును బట్టి నడుస్తుంది. వాన మీద ఆధారపడిన ఒక్క పంట చేతికొచ్చాక, లేదా చేతికి రాకుండా పోయాక, దీపావళి దాటుతుండగా ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు, ప్రకాశం మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకు వెళ్తారు. ఉగాదికి కొందరు తిరిగి వస్తారు, ఎండలు ముదిరాక మిగతావారు వస్తారు. పిల్లలు వెంట వెళ్తారు. పెద్దపిల్ల చంటివాణ్ణి చూసుకోవాలి, పదేళ్లు దాటినవారు గంప నింపడానికి సాయపడాలి. ఇంటి దగ్గర వదిలితే అన్నం పెట్టేవారు లేరు.

ఈ పిల్లల కోసం ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఆ డబ్బు నిబంధనల ప్రకారం ఖర్చయిందా అని చూసే పద్ధతులు కూడా ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. వాటిని వరసగా పెట్టి చూసినప్పుడు నా కళ్లకు కొట్టొచ్చినట్లు కనబడింది రెండు తేదీలు. బడి లెక్కలకు ప్రామాణికంగా నిలిచిన తేదీ సెప్టెంబరు 30. డబ్బు లెక్క ముగిసే తేదీ మార్చి 31. మొదటి తేదీన పిల్లవాడు ఊళ్లోనే ఉంటాడు. రెండో తేదీకి అతని కోసం కేటాయించిన డబ్బుకు లెక్క చెప్పాలి. సుగ్గి చాలా వరకు ఆ రెండింటి మధ్యనే జరిగిపోతుంది.

ఈ పిల్లలకు తొలిగా దక్కిన పథకం అనియత విద్య. 1979-80లో విద్యలో వెనుకబడిన తొమ్మిది రాష్ట్రాల కోసం కేంద్ర ప్రభుత్వం దాన్ని మొదలుపెట్టింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పగలు పనికి వెళ్లే పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే కేంద్రాలు అవి. 1986 జాతీయ విద్యా విధానం తరువాత వాటి నిధుల సూత్రం స్థిరపడింది. బాలబాలికలు కలిసి చదివే కేంద్రానికి కేంద్ర, రాష్ట్రాల వాటా 60, 40. బాలికల కేంద్రానికి 90, 10. మంచి ఉద్దేశంతో పెట్టిన నిబంధనే అది. కానీ లెక్కకు కొలమానం చదువు చెప్పే కేంద్రం అయింది, పిల్ల కాలేదు. ఆ కేంద్రం నడిస్తే డబ్బు వస్తుంది. ఊరు ఖాళీ అయినప్పుడు అందులో ఎవరు కూర్చున్నారన్నది వేరే ప్రశ్న. ఆ తరువాత వచ్చిన ప్రతి పథకంలోనూ ఈ లోపం ఏదో ఒక రూపంలో మిగిలింది.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, అంటే అందరూ డీపీఈపీ అని పిలుచుకున్నది, బ్రిటన్ సాయంతో రాష్ట్రంలో ఐదు జిల్లాల్లో మొదలైంది. కర్నూలు ఆ ఐదింటిలో ఒకటి. మహిళల అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువ ఉన్న జిల్లాలను అందుకు ఎంచారు. పరిమితులు పెట్టి ఖర్చును కట్టడి చేసే అలవాటు దానితోనే గట్టిపడింది. మొత్తం ఖర్చులో నిర్మాణాలకు మొదట 24 శాతం, నిర్వహణకు 6 శాతం దాటకూడదు. ప్రతి జిల్లా వార్షిక ప్రణాళిక, బడ్జెట్ రాసుకోవాలి. ఇప్పుడు అందరికీ అలవాటైన డైస్, అంటే ప్రతి బడి నుంచి పిల్లల సంఖ్య, వసతుల వివరాలు సేకరించే గణాంకాల పద్ధతి కూడా ఆ కార్యక్రమం కడుపున పుట్టిందే. సెప్టెంబరు 30ని లెక్కకు ప్రామాణిక తేదీగా మనకిచ్చింది ఆ పద్ధతే. ఆ తేదీని ఎంచినవారి తర్కం నాకు అర్థమవుతుంది. జూన్‌లో చేరికలు మొదలై సెప్టెంబరుకు స్థిరపడతాయి. దేశంలో ఎక్కువ చోట్ల అది సరైన తేదీయే. కోసిగి లాంటి చోట మాత్రం బడి నిండుగా కనిపించే చివరి రోజుల్లో ఒకదాన్ని తీసుకుని, దాన్నే ఏడాది పొడవునా నిజమనుకున్నట్లయింది.

2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చింది. విద్యా హామీ పథకం, ప్రత్యామ్నాయ విద్య అనే శీర్షిక కింద బడి మానేసిన పిల్లలను తిరిగి బడికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సులు, వలస పిల్లల వసతి శిబిరాలు అందులో చోటు సంపాదించుకున్నాయి. బడి లేని చోట నడిచే విద్యా హామీ కేంద్రానికి ప్రాథమిక స్థాయిలో పిల్లకు ఏడాదికి 845 రూపాయలు, ప్రాథమికోన్నత స్థాయిలో 1,200 రూపాయలు పరిమితి. సీజనల్ హాస్టల్ అనే మాట కర్నూలు ఊళ్లకు అలవాటైంది ఈ కాలంలోనే. ఉన్న బడిలోనే ఒకటి రెండు గదుల్లో పడక, పొద్దున రాత్రి భోజనం, చూసుకోవడానికి ఒక సంరక్షకుడు, ఒక వంటమనిషి, అంతే హాస్టల్. కొన్నిచోట్ల స్వచ్ఛంద సంస్థలు, కొన్నిచోట్ల పాఠశాల కమిటీలు వీటిని నడిపాయి. తల్లిదండ్రులు వెళ్లినా పిల్ల ఊళ్లో ఉండిపోవడానికి ఇంతకంటే సూటి మార్గం ఎవరూ కనిపెట్టలేదని నా నమ్మకం.

తనిఖీ వ్యవస్థ కూడా అప్పుడే పెద్దదైంది. ఢిల్లీలో ప్రాజెక్టు ఆమోద మండలి ఏటా రాష్ట్ర ప్రణాళికను పరిశీలించి పద్దుల వారీగా మంజూరు చేస్తుంది. 2004లో ఆర్థిక నిర్వహణ, కొనుగోళ్ల మాన్యువల్ వచ్చింది. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలను పర్యవేక్షణ సంస్థలుగా నియమించారు. సంయుక్త సమీక్ష బృందాలు తిరిగాయి. చార్టర్డ్ అకౌంటెంట్ల ఆడిట్, దాని పైన ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్. డబ్బు రెండు విడతలుగా వచ్చేది. రెండో విడత రావాలంటే రాష్ట్రం తన వాటా జమ చేసి ఉండాలి, అందుబాటులో ఉన్న డబ్బులో కనీసం సగం ఖర్చు చూపాలి. ఆ సగం ఖర్చు కాగితాల మీద తేలి, వినియోగ ధ్రువపత్రాలు పైకి వెళ్లి, డబ్బు కిందికి దిగేసరికి ఏ నెల అవుతుందో ఊహించండి. లోపం ఎవరో ఒక ఉద్యోగిది కాదు. వసంతంలో మంజూరై, వర్షాకాలంలో మొదటి విడత, శీతాకాలంలో రెండో విడత అనే చక్రం మామూలు బడికి సరిపోతుంది. దీపావళి నాటికి పొయ్యి వెలగాల్సిన హాస్టల్‌కు సరిపోదు. కుటుంబం నవంబరులో నిర్ణయం తీసుకుంటుంది. ఆ రోజుకు హాస్టల్ తెరిచి లేకపోతే పిల్ల వెళ్లిపోతుంది. డిసెంబరులో తెరిస్తే ఆ పిల్లను ఎవరూ గుంటూరు నుంచి వెనక్కి తీసుకురారు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థదని 9వ సెక్షన్ విడిగా చెప్పింది. ఒక బడి నుంచి ఇంకో బడికి మారే హక్కును, బదిలీ పత్రం వెంటనే ఇవ్వాలన్న నియమాన్ని 5వ సెక్షన్ ఇచ్చింది. పేరు కొట్టివేయడం 16వ సెక్షన్‌తో ఆగిపోయింది. ఇది గొప్ప రక్షణ. అంతకుముందు నెలలపాటు రాని పిల్ల పేరు తీసేస్తే, తిరిగి వచ్చినప్పుడు కాళ్లావేళ్లా పడాల్సి వచ్చేది. అయితే రక్షణతో పాటే ఒక మసక కూడా వచ్చింది. రిజిస్టరులో పేరు ఉంటుంది, పిల్ల మిరప చేలో ఉంటుంది, లెక్కలో బడిలోనే ఉంటుంది. సీజనల్ హాస్టల్ డబ్బు మాత్రం బడి బయటి పిల్లల ప్రత్యేక శిక్షణ అనే పద్దు నుంచి రావాలి. ఒకే పిల్ల ఒక లెక్కలో చదువుతున్నట్లు, ఇంకో లెక్కలో బడి బయట ఉన్నట్లు కనబడితే తనిఖీ అధికారికి అది అక్రమంలా తోస్తుంది. నిజానికి ఆ రెండు లెక్కలూ సరైనవే, వేర్వేరు నెలల్లో.

ఆ పద్దు కింద వసతితో కూడిన శిక్షణకు పిల్లకు ఏడాదికి 20,000 రూపాయల వరకు, వసతి లేనిదానికి 6,000 రూపాయల వరకు నిర్ణయించారు. 20,000ను రోజులకు పంచితే 55 రూపాయలు దాటదు. భోజనం, పడక, మనుషుల జీతాలు అన్నీ అందులోనే. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య కలిసి సమగ్ర శిక్ష అయ్యాక కూడా ఈ రకం ఏర్పాటు కొనసాగింది. పంపే చోట సీజనల్ హాస్టళ్లు, వెళ్లిన చోట పని ప్రదేశంలో బడి అన్న రెండు దారులనూ అది గుర్తించింది. కేంద్ర, రాష్ట్ర వాటా 60, 40.

ఇక్కడ కాస్త ఆగి అమెరికా వైపు చూడాలి, ఎందుకంటే వాళ్లు ఇదే చిక్కును వేరే చివర నుంచి పట్టుకున్నారు. పొలం కూలీల పిల్లల కోసం 1966లో తమ విద్యా చట్టానికి సవరణ తెచ్చి విడి నిధి పెట్టారు. అక్కడ డబ్బు పిల్లల సంఖ్యను బట్టి రాష్ట్రాలకు వెళ్తుంది. గత 36 నెలల్లో వ్యవసాయ పని కోసమో చేపల పని కోసమో కుటుంబం తావు మారిందని ఇంటికి వెళ్లి మాట్లాడి అర్హత పత్రం రాయాలి. అర్హత లేని పిల్లలు కూడా లెక్కకెక్కారని తేలిన తరువాత, 2008 నిబంధనలు ఏటా కొన్ని కుటుంబాలను మళ్లీ కలిసి సరిచూడడాన్ని తప్పనిసరి చేశాయి. ఈ డబ్బు మామూలు బడి ఖర్చుకు బదులుగా వాడకూడదు, దాని పైన అదనంగా ఉండాలన్నది ఇంకో నియమం. వారి పద్ధతిలో లోపాలు లేవని కాదు. కానీ అక్కడ సరిచూసేది కుటుంబం చేసిన ప్రయాణాన్ని. ఇక్కడ సరిచూసేది గది, పడక, బిల్లు. కోసిగి నుంచి గుంటూరుకు వెళ్లిన పిల్లకు భాష మారదు, పాఠ్యపుస్తకం మారదు, రాష్ట్రం మారదు, ఆమె పేరున్న కంప్యూటర్ జాబితా కూడా ఒక్కటే. ఇంత సులువు ఉన్న చోట ఆమె ఎక్కడుందో తెలియకపోవడాన్ని నేను క్షమించలేను.

గత కొన్నేళ్లలో మూడు మార్పులు వచ్చాయి. 2020 జనవరిలో అమ్మఒడి మొదలైంది. తల్లి ఖాతాలో ఏటా 15,000 రూపాయలు అన్నారు, దానికి 75 శాతం హాజరు నిబంధన ఉండేది. బడిమానుడు తగ్గించాలన్న ఆలోచన సరైనదే. కానీ నాలుగైదు నెలలు సుగ్గికి వెళ్లిన కుటుంబం ఆ గీత దాటలేదు. దాటాలంటే పిల్లను వదిలి వెళ్లగల చోటు ఉండాల్సింది. అంటే హాస్టల్ సకాలంలో తెరవకపోతే ఆ కుటుంబం చదువుతో పాటు డబ్బు కూడా పోగొట్టుకునేది. రెండోది, 2021 జులై నుంచి ఒక్కో కేంద్ర ప్రాయోజిత పథకం డబ్బంతా రాష్ట్రంలో ఆ పథకానికి ఉన్న ఒకే నోడల్ ఖాతా నుంచి నడవడం. డబ్బు కింది ఖాతాల్లో ఏళ్లపాటు మూలగడం ఆగిందంటే అది మేలే. విద్యాహక్కు అమలుపై కాగ్ 2017లో ఇచ్చిన నివేదిక కూడా రాష్ట్రాల వద్ద ఏటా మిగిలిపోతున్న భారీ నిల్వలను ఎత్తి చూపింది. అయితే వారం వారం సంతలో కూరగాయలు కొనే పనికి పై నుంచి కదిలే చెల్లింపు ఎంత ఇబ్బందో వంట చేసేవారిని అడిగితే తెలుస్తుంది. మూడోది, 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన. నంద్యాల విడిపోయి, వలస మండలాలు ఎక్కువగా కర్నూలు జిల్లాలోనే మిగిలాయి. ఆదోని, పత్తికొండ డివిజన్ల భారం ఇప్పుడు ఈ చిన్న జిల్లాదే. 2011 జనగణన నాటికి ఉమ్మడి కర్నూలు అక్షరాస్యత 60 శాతం, మహిళల్లో సగం మందే చదవగలరు. ఆ సగటును కిందికి లాగినవి ఈ పడమటి మండలాలే.

లెక్కలు బహిరంగంగా చదవడం ఈ నేలకు కొత్త కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టింది. కూలీల హాజరు పట్టీ అయిన మస్టరు రోలును అందరి ముందు చదివి, ఈ పేరున్న మనిషి పని చేశాడా, కూలి అందిందా అని అడగడం ఈ రాష్ట్రంలో పల్లె పల్లెకూ తెలిసిన పని. హాస్టల్ రిజిస్టరును కూడా అలాగే చదవవచ్చు. ఈ నెల మీ పాప ఇక్కడ పడుకుందా, గుడ్డు పెట్టారా అని తల్లిని అడగవచ్చు.

అడగాలంటే తల్లి ఊళ్లో ఉండాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. హాస్టల్ ఖర్చును కళ్లారా చూసి తీర్మానం రాయాల్సింది ఆ కమిటీ. సుగ్గి ఊళ్లలో నవంబరు నుంచి మార్చి దాకా ఆ కమిటీ సభ్యుల్లో ఎంతమంది గుంటూరు చేలల్లో ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు. తీర్మానాల పుస్తకంలో ఆ నెలల సంతకాలు, వేలిముద్రలు ఎవరివి, ఏ రోజు వేసినవి అన్నది ఏ ఆడిట్ అయినా మొదట అడగాల్సిన ప్రశ్న. ఆ కమిటీ నిజంగా కూర్చోగలిగేది ఏప్రిల్ చివర, మే నెలల్లో, అందరూ ఇళ్లకు చేరాక. అప్పటికి బడికి సెలవులు, పద్దులు మార్చి 31తోనే ముగిసి ఉంటాయి.