కాగితం మీద మూడు, ఆకాశంలో ఒకటి

నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు బళ్లలో అంతరిక్షం మాట ఎత్తితే చాలు, పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "సార్, బ్లాక్ హోల్‌ల పడ్డది వైట్ హోల్‌లకెల్లి బయటికొస్తదంట గదా, నిజమేనా?" ఫోన్లో చూసిన వీడియోల్లోంచి వచ్చే ప్రశ్న ఇది. ఆ వీడియోల్లో బ్లాక్ హోల్, వైట్ హోల్, రెండింటినీ కలిపే వర్మ్‌హోల్ మూడూ ఒకే ధీమాతో కనిపిస్తాయి. నా అభ్యంతరమల్లా దాని మీదే. మూడూ ఒకే సమీకరణాల్లోంచి పుట్టిన మాట నిజం. కానీ బ్లాక్ హోల్‌కు ఉన్నన్ని సాక్ష్యాల్లో ఒక్కటి కూడా మిగతా రెండింటికీ లేదు.

1915 నవంబరులో ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణకు కొత్త సమీకరణాలు రాశాడు. నెల తిరక్కుండానే, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్న జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ వాటికి మొదటి కచ్చితమైన సాధన, అంటే ఆ సమీకరణాలకు సరిపోయే జవాబు, కనుక్కుని ఐన్‌స్టైన్‌కు ఉత్తరం రాశాడు. 1916 మేలో ఆయన జబ్బుతో చనిపోయాడు. తన సాధనలో ఎన్ని సంగతులు దాగున్నాయో చూడనే లేదు పాపం.

ఆ సాధన ప్రకారం ప్రతి ద్రవ్యరాశికీ ఒక హద్దు ఉంటుంది. సూర్యుడికి అది 3 కిలోమీటర్ల వ్యాసార్థం. అంటే నల్గొండ క్లాక్ టవర్ నుంచి పానగల్లు గుడికి పోయేంత దూరం కూడా కాదు. మన భూమికైతే 9 మిల్లీమీటర్లే. ద్రవ్యరాశి మొత్తం ఆ హద్దు లోపలికి కుంచించుకుపోతే వెలుతురు కూడా బయటికి రాలేదు. అలా కుంచించుకుపోయినదే బ్లాక్ హోల్. ఆ హద్దునే ఈవెంట్ హొరైజన్ అంటారు.

అక్కడ గోడలాంటిదేమీ ఉండదు. నాగార్జునసాగర్‌లో క్రస్ట్ గేట్లు ఎత్తినప్పుడు ఏం జరుగుతుందో ఊహించుకోండి. గేట్లకు దూరంగా ఉన్న చేప నీటికి ఎదురీదగలదు. దగ్గరికొచ్చే కొద్దీ ప్రవాహం జోరందుకుంటుంది. ఒకచోట నీటి వేగం, చేప ఈదగల వేగం సమానమవుతాయి. ఆ గీత దాటినట్టు చేపకు ప్రత్యేకంగా ఏమీ తెలియదు, కానీ ఇక వెనక్కి రాలేదు. బ్లాక్ హోల్ దగ్గర నీటిలా లోపలికి పారేది స్థలమే. హొరైజన్ దగ్గర ఆ పారుదల కాంతి వేగాన్ని అందుకుంటుంది. గేట్లకు చాలా దూరంలో నీరు నిమ్మళంగానే ఉన్నట్టు, దూరంగా ఉన్నవాటిని బ్లాక్ హోల్ అదేపనిగా పీల్చేయదు. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బ్లాక్ హోల్ ఉన్నా భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుంది. వెలుతురూ వేడీ మాత్రం ఉండవు.

ఇప్పుడు కాలాన్ని తిప్పేయండి. స్థలం లోపలికి కాక బయటికి ఉరుకుతుంది, ఏ చేపా ఎంత ఈదినా లోపలికి వెళ్లలేదు. అదే వైట్ హోల్. ఐన్‌స్టైన్ సమీకరణాలు కాలం ముందుకు నడిచినా వెనక్కి నడిచినా ఒకేలా చెల్లుతాయి కాబట్టి, బ్లాక్ హోల్ ఒక సాధన అయితే దాని తిరగేసిన రూపం కూడా సాధనే. 1960లో మార్టిన్ క్రుస్కల్, జార్జ్ సెకెరెస్ ఎవరికి వారు ష్వార్జ్‌షీల్డ్ సాధనకు పూర్తి పటం గీశారు. అందులో నాలుగు భాగాలు తేలాయి: మన విశ్వం, బ్లాక్ హోల్, వైట్ హోల్, మనకు అందని ఇంకో విశ్వం. పిల్లల ప్రశ్నకు మూలం ఈ పటమే.

అయితే ఆ పటంలో ఒక షరతు ఉంది, వీడియోలు దాన్ని చెప్పవు. అది అనాదిగా ఉన్న, ఎప్పుడూ పుట్టని బ్లాక్ హోల్ పటం. నిజమైన బ్లాక్ హోల్‌కు పుట్టుక ఉంటుంది. ఇంధనం అయిపోయిన పెద్ద నక్షత్రం తన బరువుకు తానే కూలిపోతే అది ఏర్పడుతుంది. ఈ కూలడాన్ని 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ లెక్కగట్టారు. అంతకు ఏడాది ముందే కలకత్తాలో బి. దత్ ఇలాంటి గణితమే చేశాడు, ఆయన పేరు మనవాళ్లకే పెద్దగా తెలియకపోవడం బాధ కలిగిస్తుంది. ఆ లెక్కను పటం మీద పెట్టి చూస్తే, వైట్ హోల్, రెండో విశ్వం ఉండాల్సిన జాగాను నక్షత్రపు పదార్థం ఆక్రమిస్తుంది. హొరైజన్ ఏర్పడకముందు అక్కడ ఉన్నది మామూలు నక్షత్రం, అంతే. కాబట్టి నక్షత్రం కూలి పుట్టిన బ్లాక్ హోల్‌కు అటువైపు తలుపు లేదు.

పోనీ, విశ్వం మొదట్లోనే వైట్ హోల్స్ విడిగా పుట్టి ఉంటే? మన జయంత్ నార్లీకర్ కూడా 1970లలో సహచరులతో కలిసి వాటి మీద పనిచేశారు. కానీ 1974లో డగ్లస్ అర్డ్‌లీ చూపించిందేమంటే, వైట్ హోల్ చుట్టూ చేరే పదార్థం, వెలుతురు దాన్ని నిలవనివ్వవు, త్వరలోనే అది బ్లాక్ హోల్‌గా మారిపోతుంది.

ఇక వర్మ్‌హోల్. 1935లో ఐన్‌స్టైన్, నేథన్ రోజెన్ రెండు స్థలాలను కలిపే వంతెనను లెక్కల్లో చూపారు. అంతరిక్ష ప్రయాణం వాళ్ల మనసులో లేదు, కణాలకు ఒక గణిత రూపం ఇవ్వాలని చూశారు. 1962లో ఫుల్లర్, వీలర్ పరిశీలిస్తే ఆ వంతెన తెరుచుకున్నట్టే తెరుచుకుని, కాంతి దాటేలోపే తెగిపోతుందని తేలింది. 1988లో మైకేల్ మోరిస్, కిప్ థోర్న్ దాటడానికి వీలైన వర్మ్‌హోల్‌ను రూపొందించారు. దాని గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచాలంటే రుణాత్మక శక్తి, అంటే సున్నా కన్నా తక్కువ శక్తి, ఉన్న పదార్థం కావాలి. అంత మోతాదులో అలాంటిది ఎక్కడా దొరకలేదు. ఇంకో మాట, వర్మ్‌హోల్‌కు అటు చివర వైట్ హోల్ ఉండాలన్న నియమం లేదు. థోర్న్ నమూనాలో అసలు హొరైజనే లేదు, రెండు వైపులా రాకపోకలు సాగుతాయి.

బ్లాక్ హోల్ సంగతి ఇలా కాదు. మన పాలపుంత నడిమధ్యలో ఒక చిన్న చోటు చుట్టూ తిరిగే నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించి, అక్కడ 40 లక్షల సూర్యుళ్లంత బరువు ఉందని తేల్చారు. ఆ పనికి రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. 2015 సెప్టెంబరు 14న రెండు బ్లాక్ హోల్స్ ఢీకొని ఒకటైనప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు, అంటే స్థలంలో లేచే అలలు, అమెరికాలోని లైగో పరికరాలకు చిక్కాయి. కలిశాక కొత్త బ్లాక్ హోల్ కాసేపు గంటలా మోగి సద్దుమణుగుతుంది. ఆ మోత ఎలా ఉంటుందో బెంగళూరులో పుట్టిన సి.వి. విశ్వేశ్వర 1970లోనే లెక్కించి పెట్టారు. 2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీలోని బ్లాక్ హోల్ నీడను ప్రపంచమంతా ఫొటోలో చూసింది.

వైట్ హోల్‌కు ఇంకా ఒక ఆశ మిగిలి ఉంది. బ్లాక్ హోల్స్ నెమ్మదిగా శక్తిని కోల్పోతాయని 1974లో హాకింగ్ చెప్పాడు. అలా చివరికొచ్చిన బ్లాక్ హోల్ లోపల, అతిచిన్న కణాలను నడిపే క్వాంటమ్ నియమాలు పదార్థాన్ని నలిగిపోనివ్వకుండా తిప్పికొడతాయని, అదే అక్కడే వైట్ హోల్‌గా మారుతుందని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త కార్లో రొవెల్లి, ఆయన సహచరులు ప్రతిపాదించారు. ఇంకో విశ్వంలోకి కాదు, పడ్డచోటి నుంచే, బయటి గడియారం లెక్కన ఊహకందనంత కాలం గడిచాక. దాన్ని ఖరారు చేసే పరిశీలన ఇంతవరకు ఒక్కటీ లేదు. పిల్లలు అడిగినప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలి.