ఆర్సీలో ఒక నంబరు, ఇంజిన్ మీద మరొకటి: పాత బైకుల తగవు ఎక్కడ మొదలైంది?

ఇరవయ్యేళ్లు దాటిన మోటార్ సైకిళ్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో రూ.2,000కు పెంచినప్పటి నుంచి, చాలాకాలంగా సద్దుమణిగి ఉన్న ఒక తగవు మళ్లీ రవాణా కార్యాలయాల గుమ్మం ఎక్కింది. అత్యంత ఎక్కువగా చిక్కుల్లో పడినవి యమహా ఆర్ఎక్స్100 బళ్లు. వాటి తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి, రోడ్డు మీద మిగిలిన ప్రతి ఆర్ఎక్స్100 ఈ కొత్త రుసుము కిందికే వస్తుంది. రుసుము, గ్రీన్ ట్యాక్స్ కట్టి బండిని చూపించడానికి వెళితే, మనవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి, ఫ్రేము మీద చెక్కిన అంకెలపై కాగితం ఉంచి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకుంటాడు. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోతుంది. ఇంజిన్ నంబరు సరిపోదు. ఫైలు అక్కడ ఆగిపోతుంది.

ఆర్ఎక్స్100 మీద మనవాళ్లకున్న మోజు కథ ఇక్కడ మళ్లీ చెప్పనవసరం లేదు. తెలుసుకోవలసింది, బండి అదే అయినా ఇంజిన్ వేరైనంత మాత్రాన యజమాని నేరస్థుడి వరుసలో ఎప్పటి నుంచి నిలబడుతున్నాడన్నది. ఈ ప్రశ్నకు అధికారులూ, యజమానులూ ఒకే జవాబు చెబుతారు: 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని, రాష్ట్రాల నిబంధనలు కేంద్ర చట్టానికి లోబడే ఉండాలని ఆ తీర్పు స్పష్టం చేసింది. అయితే ఆ తీర్పు కొత్త నిషేధాన్ని సృష్టించలేదు. పద్దెనిమిదేళ్లకు పైగా చట్టంలోనే ఉన్న ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా చదివింది. కాబట్టి అసలు మలుపును ఆ వాక్యం రాసిన చోటే వెతకాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ మొదట రాసినప్పుడు వేరుగా ఉండేది. 1939 నాటి పాత చట్టం నుంచి వచ్చిన ఆలోచననే అది కొనసాగించింది. ఆర్సీలో ఉన్న వివరాలు తప్పయ్యేలా బండిని మార్చాలనుకునే యజమాని ముందుగా రిజిస్టరింగ్ అధికారికి నోటీసు ఇచ్చి అనుమతి పొందాలి. అంతే. అంతకంటే ముఖ్యమైనది దాని తరువాతి ఉపసెక్షన్. నోటీసు అందిన ఏడు రోజుల్లో అధికారి అవుననో కాదనో పోస్టులో తెలియజేయాలి, ఏడు రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అంటే అప్పట్లో చట్టం కోరింది ఆర్సీకీ బండికీ పొంతన ఉండాలని మాత్రమే. బండి మారితే ఆర్సీని కూడా మార్చుకోవచ్చు. అధికారి మౌనం యజమానికి అనుకూలంగా పనిచేసేది.

2000 సంవత్సరపు 27వ చట్టం ద్వారా జరిగిన సవరణ ఆ ఏడాది ఆగస్టు 11న అమల్లోకి వచ్చింది. ఆర్సీ వివరాలు 'ఇక సరైనవి కాకుండా పోయేలా' మార్చరాదన్న మాట పోయి, ఆ వివరాలు 'తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా' ఉండేలా మార్చరాదన్న మాట వచ్చింది. ఏడు రోజుల గడువు, మౌనమే అంగీకారమన్న వెసులుబాటు కూడా దానితోనే పోయాయి. కొలబద్ద ఆర్సీ నుంచి ఫ్యాక్టరీకి మారింది. నోటీసు, అనుమతి, ఆర్సీలో నమోదు అనే మార్గం మూసుకుపోయి, బండి పుట్టిన నాటి వివరాలే దాని జీవితాంతం ప్రమాణమయ్యాయి.

ఈ సవరణ మోటార్ సైకిళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. వాహనాలను ఏ విధంగానూ మార్చకుండా నిషేధించాలని, ఎక్కువ సామర్థ్యం గల టైర్లు వేయడాన్ని కూడా అందులో చేర్చాలని, ఎల్పీజీ వంటి పర్యావరణానికి మేలైన ఇంధనాలకు మారడాన్ని మాత్రం అనుమతించాలని బిల్లు ఉద్దేశాల ప్రకటన చెబుతుంది. పెద్ద టైర్ల గొడవ లారీలది, అధిక లోడు సమస్యది. లారీల కోసం వేసిన వల చిన్న ఇంజిన్ల బళ్ల మీద కూడా పడింది. చట్టం రాసినవారు కొంత జాగ్రత్త పడ్డారనే చెప్పాలి. సెక్షన్ చివర చేర్చిన వివరణ ప్రకారం, వాహన నిర్మాణంలో జరిగి, దాని మౌలిక లక్షణాన్ని మార్చేసే మార్పును మాత్రమే 'ఆల్టరేషన్' అనాలి. ఇంజిన్ మార్పిడి అన్న మాటను కూడా చట్టం పూర్తిగా కొట్టివేయలేదు. పది, అంతకు మించి రవాణా వాహనాలున్న యజమాని అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌ను ముందస్తు అనుమతి లేకుండానే వేసుకునే వీలు కల్పించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. మార్చిన పద్నాలుగు రోజుల్లో తెలియజేసి ఆర్సీలో రాయించుకోవాలని చెప్పింది. పది లారీలున్నవాడికి దొరికిన ఈ వెసులుబాటు ఒక్క బైకున్నవాడికి దొరకలేదన్నది యజమానుల పక్షాన వినిపించే మొదటి ఫిర్యాదు. ఇందులో న్యాయం ఉంది.

అదే కాలంలో పరిశ్రమలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే ఈ మలుపు బరువు అర్థం కాదు. 2000 ఏప్రిల్‌లో ఉద్గార ప్రమాణాలు మరింత బిగిశాయి. ఆర్ఎక్స్100 లాంటి టూ స్ట్రోక్ (పిస్టన్ రెండు కదలికలకు ఒకసారి ఇంధనం మండే) మోటార్ సైకిళ్లను నేరుగా ఎవరూ నిషేధించకపోయినా, వాటికి రోజులు దగ్గర పడ్డాయని తేలిపోయింది. ఎస్కార్ట్స్‌తో భాగస్వామ్యంగా మొదలైన వ్యాపారం 2001 నాటికి పూర్తిగా యమహా చేతికి వచ్చి, కంపెనీ దృష్టి ఫోర్ స్ట్రోక్ బళ్ల మీదికి మళ్లింది. ఆర్ఎక్స్100 కుటుంబంలోనే కాస్త పెద్ద ఇంజిన్ ఉన్న ఆర్ఎక్స్135 కూడా 2005లో సెలవు తీసుకుంది. తయారీదారు చెప్పిందే ప్రమాణమని చట్టం తీర్మానించిన కాలంలోనే, ఆ తయారీదారు ఆ బళ్ల నుంచి తప్పుకోవడం మొదలైంది. కంపెనీ విడిభాగాలు అరుదై, దొరికినవి మండిపోయే ధరలకు చేరాక, మిగిలిన దారి విజయవాడ జవహర్ ఆటోనగర్, హైదరాబాద్ పుత్లీబౌలి, చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్ బాగ్ వంటి బజార్లే. ప్రమాణం ఒకచోట, సరుకు మరోచోట ఉన్న ఈ పరిస్థితిలోంచే నేటి తగవంతా పుట్టింది.

ఇంజిన్ మార్పిడి అని అందరూ ఒకే గాటన కట్టేసేది నిజానికి మూడు వేర్వేరు పనులు. మెకానిక్ బల్ల దగ్గర నిలబడి చూస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది.

మొదటిది, క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది భాగపు లోహపు పెట్టె) పగిలిపోయిన బండికి, తుక్కు కింద అమ్ముడైన మరో ఆర్ఎక్స్100 నుంచి తీసిన ఇంజిన్‌ను వేయడం. సామర్థ్యం అదే, గేర్లు అవే, మారేది నంబరు ఒక్కటే. రెండోది, ఆర్ఎక్స్135 ఇంజిన్‌ను మొత్తంగా తెచ్చి ఆర్ఎక్స్100 ఫ్రేములో కూర్చోబెట్టడం. కుర్రాళ్లు ఎక్కువగా కోరేది అయిదు గేర్ల ఇంజిన్. ఇక్కడ నంబరుతో పాటు సామర్థ్యం కూడా మారుతుంది. మూడోది ఆసక్తికరమైనది. ఆర్ఎక్స్100 సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు, దాని లెక్క 98.2 సీసీ. ఆర్ఎక్స్135 స్ట్రోకు కూడా 50 మిల్లీమీటర్లే, బోరు మాత్రం 58, దాని లెక్క 132 సీసీ. అందువల్ల క్రాంక్‌కేసు నోటిని లేత్ మీద కాస్త వెడల్పు చేయించి పైన పెద్ద సిలిండర్ బ్లాకు దించేస్తే బండి 132 సీసీ అయిపోతుంది. ఇంజిన్ నంబరు చెక్కి ఉండేది కింది క్రాంక్‌కేసు మీద కనుక అది చెక్కుచెదరదు. ఈ మూడింటిలో చట్టం ఉద్దేశానికి అతి తక్కువ దూరంలో ఉన్న మొదటిది పెన్సిలు అచ్చుకు దొరికిపోతుంది. అతి దూరంగా ఉన్న మూడోది దర్జాగా తనిఖీ దాటి వెళ్లిపోతుంది.

ఇంకొక చిన్న లెక్క కూడా చెప్పుకోవాలి. అరిగిన సిలిండర్‌ను పావు మిల్లీమీటరు చొప్పున బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం కంపెనీ తానే ఒప్పుకున్న పద్ధతి. నాలుగు సైజులూ అయిపోయి బోరు 51 మిల్లీమీటర్లకు చేరేసరికి ఆ ఇంజిన్ 102 సీసీ అవుతుంది. ఆర్సీలో మాత్రం 98 అనే ఉంటుంది. తయారీదారు పేర్కొన్న దానికి భిన్నమని ఇంతవరకు దీన్ని ఎవరూ ప్రశ్నించలేదు, ప్రశ్నించనవసరం లేదు కూడా. మౌలిక లక్షణం అన్న మాటకు అర్థం ఉన్నది ఇలాంటి చోటే.

అధికారుల వాదనను కూడా చెప్పాలి. ఇంజిన్, ఛాసిస్ నంబర్ల పొంతనే దొంగ బండిని పట్టుకునే ప్రధాన ఆధారం. బిల్లు లేని ఇంజిన్‌ను నమోదు చేస్తే దొంగ సొత్తుకు ప్రభుత్వ ముద్ర వేసినట్టవుతుంది. కాలుష్యం మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 4.5 శాతం కాగా, ఆ తరువాతి టూ స్ట్రోక్ బళ్లకు 3.5 శాతం. 2002 నాటి ఇంజిన్ 1993 నాటి ఆర్సీ చాటున నడిస్తే అది సడలింపు పరిమితి కిందే పరీక్షకు నిలుస్తుంది. అయితే బీమా భారం ఎగవేయడానికే పెద్ద ఇంజిన్ వేస్తారన్న మాటలో పస లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం 75 నుంచి 150 సీసీ వరకు ఒకే శ్రేణి, 98 అయినా 132 అయినా కట్టేది ఒకటే.

దొంగ సొత్తు వాదనకు యజమానులు, మెకానిక్‌లు ఇచ్చే జవాబు బిల్లు చుట్టూ తిరుగుతుంది. బండి నాశనమైతే పద్నాలుగు రోజుల్లో తెలియజేసి ఆర్సీని అప్పగించాలని 55వ సెక్షన్ చెబుతుంది. తుక్కు వ్యాపారికి పాత బైకు అమ్మేసిన వారిలో ఆ పని చేసేవారు అరుదు. ఫలితంగా విడదీసి అమ్మిన ఇంజిన్, కాగితాల మీద ఎప్పుడో మాయమైన బండిలోనే ఇంకా నడుస్తూ ఉంటుంది. దాన్ని నిజాయతీగా కొని, నిజాయతీగా నమోదుకు తెచ్చినవాడికి ఆ పాత యజమానిని వెతికి పట్టుకోవడం సాధ్యం కాదు. తెచ్చి చూపించినవాడు ఇరుక్కుంటాడు, చూపించకుండా తిరిగేవాడు ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతాడు. తుక్కు దుకాణం దగ్గర తెగిపోయిన కాగితాల గొలుసుకు చివరి కొనుగోలుదారుడిని ఒక్కడినే బాధ్యుడిని చేయడం సబబు కాదు.

2019 ఈ కథలో ముఖ్యమైనది తీర్పు వల్ల కంటే శిక్ష వల్ల. ఆ ఏడాది సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన సవరణలతో 182ఎ సెక్షన్‌ను కొత్తగా తిరగరాశారు. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. విడిభాగాలు బిగించడం కూడా ఇక్కడ 'మార్పు' అన్న మాట పరిధిలోకే వస్తుంది. భద్రతకు కీలకమైనవిగా కేంద్రం ప్రకటించిన భాగాలను ప్రమాణాలకు విరుద్ధంగా అమ్మినవారికి ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ విధించే నిబంధన కూడా అందులోనే ఉంది. బ్రేకు షూలలో, క్లచ్ కేబుళ్లలో డూప్లికేట్ల బెడద తెలిసినవారెవరూ దీన్ని తప్పుపట్టరు. కానీ రోడ్డు మీద కనిపిస్తున్నదంతా యజమానుల దగ్గర ఊడబీకిన సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించే తంతు. చెవులు చిల్లులు పడేలా అర్ధరాత్రి తిరిగేవారి మీద 190వ సెక్షన్ కింద కేసు పెట్టడంలో రెండో మాట లేదు. ఆ గుంపులోకే, బండి ఆగిపోయి అదే రకం ఇంజిన్ వేసుకున్నవాడిని కూడా తోసేయడం మాత్రం వేరే సంగతి.

చట్టంలోని వింత ఇంకా మిగిలే ఉంది. ఆమోదం పొందిన కిట్టుతో పెట్రోలు ఇంజిన్‌ను పూర్తిగా తీసేసి బ్యాటరీ, మోటారు బిగించుకోవడానికి 52వ సెక్షన్ దారి చూపుతుంది. ఒక్క బైకున్నవాడు పెట్రోలు ఇంజిన్ స్థానంలో మరో పెట్రోలు ఇంజిన్ పెట్టడానికే అందులో అలాంటి దారి లేదు. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా అక్కరకు రావు. వాటికి యాభై ఏళ్ల వయసు కావాలి, ఇంజిన్‌లో గానీ ఛాసిస్‌లో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. 1985 నాటి తొలి ఆర్ఎక్స్100లకు సైతం ఆ అర్హత 2035లో గానీ రాదు, ఇంజిన్ మారిన వాటికి అప్పుడు కూడా రాదు.

ఇప్పుడు యజమానుల పక్షం కోరుతున్నది పెద్ద ఇంజిన్లకు లైసెన్సు కాదు. అదే కంపెనీ, అదే రకం, అదే సామర్థ్యం గల ఇంజిన్ విషయంలో, బిల్లుకు బదులు పోలీసు రికార్డుల తనిఖీ పత్రం, ప్రమాణ పత్రం తీసుకుని కొత్త నంబరును ఆర్సీలో రాయమని అడుగుతున్నారు. ఇందుకోసం పార్లమెంటు మళ్లీ కూర్చోవలసిన పని లేదు. నిర్దిష్ట ప్రయోజనం కోసం మార్పులకు మినహాయింపు ఇచ్చే అధికారం 52వ సెక్షన్ కింద కేంద్రానికి 2000 నుంచే ఉంది.